దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం

[ప్రవేశిక: మనం నివసించే ప్రాంతంలోని కొండలు, అడవులు, జంతువులు మన జీవితంలో భాగం. వాటిని గూర్చి తెలుసుకొనడం ఎంత అవసరమో, వాటి పక్కన ఎలా బతకాలో నేర్చుకొనడం అంతకంటె అవసరం. బళ్ళారి ప్రాంతంలోని ఒక అభయారణ్యానికి వెళ్ళివచ్చిన అనుభవాన్ని ఈ పాఠం తెలుపుతుంది.]

భూమి మీద హద్దులు గీసేది మనిషి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పటి బళ్ళారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి, సండూరు, హోసపేట మొదలైనవి అప్పటి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. మళ్ళీ 2021లో బళ్ళారి జిల్లా నుండి విజయనగర జిల్లా వేరయింది. ఇన్నిసార్లు హద్దులు మారినా ఇక్కడి రాతిగుట్టలు మాత్రం కదలలేదు. ఆ గుట్టల గుహలలో నివసించే ఎలుగుబంట్లకు ఈ మార్పులేవీ తెలియవు. అవి ఆకలి వేసిన వైపు నడుస్తాయి. నీరున్న చోటికి చేరుతాయి.

దసరా సెలవులలో మేము హంపీ చూడడానికి బయలుదేరాము. నాతో మా అన్నగారి పిల్లలు ఇద్దరు వచ్చారు. అబ్బాయి ఎనిమిదవ తరగతి, అమ్మాయి ఆరవ తరగతి. దారిలో కూరెకుప్పలో మా బావగారి ఇంట్లో దిగాము. కూరెకుప్ప సండూరు తాలూకాలో తోరణగల్లు పక్కనే ఉన్నది. ఇప్పుడది పురసభ గల పట్టణం. వీధిలో నిలబడితే కన్నడం, తెలుగు, హిందీ మూడూ చెవిన పడతాయి. ఏ వైపు చూసినా తోరణగల్లు ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు కనిపిస్తాయి. బావగారు అక్కడే పని చేస్తున్నారు.

మరునాడు ఉదయం ఫలహారం చేస్తుండగా బావగారు, “హంపీ రేపు చూడవచ్చును. ఈ రోజు మీకు మా పొరుగువారిని చూపిస్తాను” అన్నారు.

“ఎవరు మామా వాళ్ళు?” అని అమ్మాయి అడిగింది.

“నల్లగా ఉంటారు. ఒంటినిండా జుట్టు. తేనె అంటే ప్రాణం. పగలు నిద్రపోయి సాయంకాలం షికారుకు బయలుదేరుతారు” అన్నారాయన.

“ఎలుగుబంటి!” అని పిల్లలిద్దరూ ఒక్కసారే అరిచారు.

సందర్శకులను మధ్యాహ్నం తరువాతనే లోపలికి పంపుతారు గనుక భోజనం ముగించుకొని జీపులో బయలుదేరాము. దారిలో దరోజి గ్రామం వచ్చింది. ఈ ఊరి పేరు వినగానే కళాభిమానులకు బుర్రకథ ఈరమ్మ గుర్తుకు వస్తుంది. మనకు బుడగజంగాలుగా తెలిసిన సంచార కళాకారుల కుటుంబంలో ఆమె పుట్టింది. అక్షరం చదవకపోయినా ఎన్నో దీర్ఘకథలను కంఠస్థం చేసి, కన్నడంలో బుర్రకథలు చెప్పి పేరుపొందింది. హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయం ఆమెను నాడోజ బిరుదుతో సత్కరించింది. 2014లో ఆమె కన్నుమూసింది. తెలుగువారికి ప్రియమైన బుర్రకథ ఇక్కడ కన్నడంలో వర్ధిల్లిందంటే, భాషల హద్దులు కూడా ఎంత పలుచనివో తెలుస్తుంది.

దరోజి దాటగానే దృశ్యం మారింది. ఎవరో తెచ్చి ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య ముళ్ళపొదలు. ఈ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. బండకూ బండకూ మధ్య ఏర్పడిన సందులే గుహలు. బయట రాయి పెనంలా కాలుతున్నా ఈ గుహల లోపల చల్లగా ఉంటుంది. ఎలుగుబంటికి అంతకంటె మంచి ఇల్లు దొరకదు.

ద్వారం దగ్గర అటవీశాఖ కాపలాదారు ఒకాయన మాతో జీపు ఎక్కాడు. జుట్టు నెరిసిన మనిషి. మా మాట విని తెలుగులోనే పలకరించాడు.

“తాతా, మనం ఎక్కడికి పోతున్నాము?” అని అబ్బాయి అడిగాడు.

“కరడికల్లు గుడ్డకు నాయనా” అన్నాడాయన.

అబ్బాయి పకపక నవ్వాడు. “ఎలుగుబంటి కల్లు కూడా తాగుతుందా? దానికి గుడ్డ ఎందుకు?” అన్నాడు.

తాత కూడా నవ్వాడు. “కన్నడంలో కరడి అంటే ఎలుగుబంటి. కల్లు అంటే రాయి. గుడ్డ అంటే గుట్ట. మీ ఇంట్లో సన్నికల్లు లేదా? అందులో ఉన్న కల్లు ఏమిటనుకున్నావు?” అన్నాడు. తోరణగల్లులోని ‘గల్లు’ కూడా ఆ రాయే అని బావగారు కలిపారు. పక్కపక్కనే పెరిగిన రెండు భాషలు అక్కాచెల్లెళ్ళ వలె ఒకే పోలికతో ఉండడం పిల్లలకు వింతగా తోచింది.

దారి పొడవునా తాత ఈ అడవి చరిత్ర చెప్పాడు. 1994 అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వం 5,587 హెక్టార్ల అడవిని ఎలుగుబంట్ల కొరకు అభయారణ్యంగా ప్రకటించింది. 2009లో బుక్కసాగర అడవిలో 2,685 హెక్టార్లు దీనికి చేర్చింది. ఇప్పుడు మొత్తం విస్తీర్ణం సుమారు 83 చదరపు కిలోమీటర్లు. అప్పటివరకు పశువుల మేతతోను, వంటచెరకు నరకడంతోను బోడిగా మారిన గుట్టలు, రక్షణ లభించాక మెల్లగా పచ్చబడ్డాయి. రేగు, ఈత, రేల, సీతాఫలం వంటి చెట్లు పెరిగాయి. వేసవిలో జంతువుల దాహం తీర్చడానికి నీటి గుంటలు ఏర్పాటు చేశారు. నేడు ఇక్కడ నూరుకు పైగా ఎలుగుబంట్లు ఉన్నట్లు అంచనా. చిరుతపులి, నక్క, అడవిపంది, ముళ్ళపంది, అలుగు, ఉడుము, నక్షత్రపు తాబేలు, నెమలి కూడా ఈ గుట్టలను నమ్ముకొని ఉన్నాయి. దక్షిణ భారతదేశపు రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్ట ఇక్కడ ఉన్నది.

1994వ సంవత్సరంలోనే తోరణగల్లు ఉక్కు కర్మాగారాన్ని నిర్మించిన సంస్థ కూడా ఏర్పడింది. ఒకే సంవత్సరం, ఒకే ప్రాంతం! ఒకవైపు మనుషులకు ఉపాధి, మరొకవైపు మృగాలకు అభయం. ఈ రెండూ పక్కపక్కనే సాగగలవా అన్నదే ఈ ప్రాంతపు పెద్ద ప్రశ్న.

గుట్ట మీది పరిశీలన గోపురం ఎక్కాము. ఎదురుగా నల్లని రాళ్ళ వాలు. “మాటలాడకండి. దానికి చూపు తక్కువ. కాని వాసన పట్టడంలో దానికి సాటి లేదు” అని తాత హెచ్చరించాడు. ఎదురు రాళ్ళ మీద ముందే బెల్లపు పాకం పూసి ఉంచారు. సందర్శకులకు ఎలుగుబంట్లు కనిపించడానికి ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి అది.

“రోజూ బెల్లం పెడితే అవి సొంతంగా తిండి వెతుక్కోవడం మానేయవా?” అని అమ్మాయి గుసగుసగా అడిగింది.

తాత ఆ పాప వైపు మెచ్చుకోలుగా చూశాడు. “మంచి ప్రశ్న పాపా. అందుకే రాతికి పూత మాత్రమే. కడుపు నింపవలసింది అడవే” అన్నాడు.

నాలుగు గంటలు దాటింది. రాళ్ళ నీడలు పొడవయ్యాయి. రెండు బండల నడుమ చీకటి కదలినట్లయింది. ఒక తల్లి ఎలుగుబంటి బయటికి వచ్చి, మూతి పైకెత్తి గాలిని వాసన చూసింది. రొమ్ము మీద తెల్లని ‘V’ ఆకారపు మచ్చ స్పష్టంగా కనిపించింది. దాని వీపు మీద ఒక పిల్ల జుట్టు పట్టుకొని కూర్చున్నది. మరొక పిల్ల పక్కన నడుస్తూ తల్లి వీపు మీదికి ఎక్కడానికి ప్రయత్నిస్తున్నది. మా పిల్లలు ఊపిరి బిగబట్టారు. భారతదేశపు ఎలుగుబంటి తన పిల్లలను సుమారు తొమ్మిది నెలల వయసు వరకు వీపు మీద మోస్తుంది. ఆ తరువాత కూడా రెండేళ్ళు నిండేవరకు వాటిని విడిచిపెట్టదు. ఏమి తినాలో, ఎక్కడ తవ్వాలో, ఎవరికి భయపడాలో ఆ కాలంలోనే నేర్పుతుంది. అది వాటి పాఠశాల.

తల్లి బెల్లం నాకి ఊరుకోలేదు. పక్కనున్న చెదపుట్ట దగ్గరకు వెళ్ళి గోళ్ళతో తవ్వింది. మూతి లోపల పెట్టి బుస్సుమని దుమ్ము ఊది, చెదలను పీల్చింది. ఆ చప్పుడు గోపురం మీద మాకు వినిపించింది. ఎలుగుబంటికి పై దవడలో మధ్యనుండే రెండు పళ్ళు ఉండవు. ఆ ఖాళీలో నుండి చెదలను గొట్టంతో పీల్చినట్లు పీల్చగలదు. దుమ్ము పోకుండా ముక్కు రంధ్రాలను మూసుకోగలదు. పండ్లు తిని, గింజలను పేడతో పాటు దూరదూరాలలో వదిలిపెడుతుంది. వాన పడగానే అవి మొలుస్తాయి. అడవి ఎలుగుబంటిని పోషిస్తుంటే, ఎలుగుబంటి అడవిని నాటుతున్నది.

1791లో జార్జ్ షా అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని పొడవైన గోళ్ళను చూసి, దక్షిణ అమెరికాలో చెట్లకు వేలాడే మందకొడి జంతువు స్లాత్‌కు ఇది చుట్టమని పొరపడ్డాడు. అందువల్ల ఇంగ్లీషులో దీనికి ‘స్లాత్ బేర్’ అన్న పేరు స్థిరపడింది. మన తెలుగువారు దీనిని సోమరి అనలేదు. పట్టిన పని విడవని వానిని చూసి ‘భల్లూకపు పట్టు’ పట్టాడు అంటాము. హంపీ ప్రాంతమే రామాయణంలోని కిష్కింధ అని ప్రజల విశ్వాసం. సుగ్రీవుని పక్షాన నిలిచిన జాంబవంతుడు భల్లూకరాజే గదా!

గౌరవంతో పాటు మనుషులు దానికి కష్టాలు కూడా పెట్టారు. ముక్కుకు తాడు గుచ్చి ఊరూరా ఆడించారు. దాని వెంట్రుకతో తాయెత్తు కడితే పిల్లలకు భయం పోతుందని నమ్మారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించింది. 2009 నాటికి ఎలుగుబంట్లను ఆడించడం మన దేశంలో దాదాపు నిలిచిపోయింది. అలా విడిపించిన వాటిలో కొన్నింటికి బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో ఆశ్రయం కల్పించారు.

చీకటి పడకముందే అభయారణ్యం నుండి బయటపడ్డాము. హద్దు దాటిన కొద్ది దూరంలోనే మొక్కజొన్న చేలు మొదలయ్యాయి. గట్టు మీద ఒక రైతు మంచె సరిచేసుకొంటున్నాడు. బావగారికి పరిచయస్థుడు కావడంతో ఆగాము. ఆయన ముఖం మీద నుదుటి నుండి దవడ వరకు లోతైన మచ్చ. ఒక కన్ను లేదు. పిల్లలు తల వంచుకొన్నారు. ఆయనే నవ్వి, “భయపడకండి. ఇది మీరు చూసి వచ్చినవారి గుర్తే” అన్నాడు.

మూడేళ్ళ క్రిందట తెల్లవారుజామున ఆయన చేనికి నీళ్ళు కట్టడానికి వెళ్ళాడట. “గట్టు పక్కన తల్లి పిల్లలతో ఉండింది. నేను దాన్ని చూడలేదు. అది నన్ను చూడలేదు. రెండడుగుల దూరంలో ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడినాము. దానికి పిల్లల భయం, నాకు ప్రాణభయం. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. కన్ను ఎవరిస్తారు?” అన్నాడు.

“దాని మీద మీకు కోపం లేదా పెద్దనాయనా?” అని అమ్మాయి అడిగింది.

ఆయన కాసేపు ఊరకున్నాడు. “చాలా రోజులు ఉండింది. ఇప్పటికీ ఏడాదికింత పంట అది తింటుంది. కాని ఎక్కడికి పొమ్మందును తల్లీ? ఆ గుట్టలో నా తాత పుట్టకముందు నుంచి ఉన్నది. మేము అడిగేది ఒక్కటే. మోటారుకు కరెంటు పగటిపూట ఇస్తే చీకట్లో చేనికి పోము. సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది” అన్నాడు.

జీపు కదిలాక చాలాసేపు ఎవరూ మాటలాడలేదు. చివరకు అబ్బాయి, “చిన్నాన్నా, తప్పు ఎలుగుబంటిదా, ఆయనదా?” అని అడిగాడు.

ఎలుగుబంటి మనిషిని వేటాడదు. హఠాత్తుగా ఎదురుపడితే ప్రాణరక్షణ కొరకు మీద పడుతుంది. రైతు తన చేనికి తాను వెళ్ళాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరి దారులు ఒకటి కావడమే ప్రమాదానికి కారణం. ఆ దారులు ఎందుకు ఒకటవుతున్నాయో మనం ఆలోచించాలి.

ఒక అడవినుండి మరొక అడవికి జంతువులు నడిచే దారులు ఉంటాయి. వాటి మధ్య రోడ్లు, గనులు, పొలాలు వచ్చినప్పుడు అవి తెగిపోతాయి. సండూరు కొండలలో ఇనుప ఖనిజం కొరకు విచ్చలవిడిగా తవ్వడం వల్ల అడవికి కలిగిన నష్టాన్ని చూసి, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. తరువాత కొన్ని గనులకే షరతులతో అనుమతి లభించింది. అడవిలో తిండి తగ్గితే ఎలుగుబంటి చేనికి వస్తుంది. చేనిలో మొక్కజొన్న, వేరుశనగ ఒకేచోట కావలసినంత దొరుకుతాయి.

ఈ కష్టం ఒక్క దరోజిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి తోటలలోకి ఎలుగుబంట్లు వస్తుంటాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగుబంటి దాడిలో మనిషి ప్రాణం పోయింది. పలువురు గాయపడ్డారు. తరువాత పట్టుబడిన ఆ ఎలుగుబంటి కూడా బతకలేదు. ఇరువైపులా నష్టమే మిగిలింది.

అభయారణ్యానికి హద్దురాళ్ళు ప్రభుత్వం నాటుతుంది. కాని ఆ రాళ్ళకు ఇవతల ఉన్న మన నడవడి మీదనే లోపలి ప్రాణుల బతుకు ఆధారపడి ఉన్నది. గుట్టల దగ్గర నివసించేవారు చీకట్లో ఒంటరిగా పొలానికి వెళ్ళరాదు. వెళ్ళక తప్పకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి, దీపం పట్టుకొని, గట్టిగా మాటలాడుకొంటూ నడవాలి. మనిషి అలికిడి ముందే వినిపిస్తే ఎలుగుబంటి తప్పుకొంటుంది. పిల్లలతో ఉన్న తల్లి దగ్గరకు ఎన్నడూ పోరాదు. చెత్తను, మిగిలిన అన్నాన్ని ఊరి చివర పారవేయరాదు. అడవిపందుల కొరకు పెట్టే ఉచ్చులు, నాటుబాంబులు చిరుతలను, ఎలుగుబంట్లను కూడా చంపుతాయి. ఎండిన గడ్డికి నిప్పు పెట్టరాదు. అదే విధంగా, రైతు పోగొట్టుకొన్న పంటకు తగిన పరిహారం ఆలస్యం లేకుండా అందాలి. అడవిని కాపాడే భారమంతా దాని అంచున ఉన్న పేదరైతు మీదనే మోపడం న్యాయం కాదు. ఉక్కును వాడేవారు, పంటను తినేవారు, అడవిని చూసి ఆనందించేవారు అందరూ ఆ భారాన్ని పంచుకోవాలి.

పొరుగువారిని మనం ఎంచుకోలేము. వారితో ఎలా మెలగాలో మాత్రం ఎంచుకోగలము.

పదాలు – అర్థాలు

అభయారణ్యం = జంతువులకు భయం లేకుండా రక్షణ కల్పించిన అడవి
భల్లూకం = ఎలుగుబంటి
వంటచెరకు = పొయ్యిలో మండించే కట్టెలు
మంచె = చేను కాపలాకు కట్టిన ఎత్తైన అరుగు
అలికిడి = మనిషి లేదా జంతువు కదలిక వల్ల కలిగే చిన్న చప్పుడు
పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము
ఉచ్చు = జంతువులను పట్టడానికి పన్నే తాడు లేదా తీగ

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఒకటి, రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. దరోజి అభయారణ్యం ఏ సంవత్సరంలో ఏర్పడింది? ఇప్పుడు దాని విస్తీర్ణం ఎంత?
2. ‘కరడికల్లు గుడ్డ’ అనగా నేమి?
3. ఎలుగుబంటి చెదలను ఎలా తింటుంది?
4. ఎలుగుబంటికి ‘స్లాత్ బేర్’ అనే పేరు ఎందుకు వచ్చింది?

ఆ) ఐదారు వాక్యాలలో జవాబులు రాయండి.
1. “అడవి ఎలుగుబంటిని పోషిస్తుంటే, ఎలుగుబంటి అడవిని నాటుతున్నది.” ఈ మాటను వివరించండి.
2. “తప్పు ఎలుగుబంటిదా, రైతుదా?” ఈ ప్రశ్నకు మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
3. సందర్శకుల కొరకు రాళ్ళకు బెల్లం పూయడం మంచిదా, కాదా? తరగతిలో చర్చించండి.

ఇ) భాషాంశం
ఒకే పదానికి వేరువేరు అర్థాలు ఉంటే వాటిని నానార్థాలు అంటారు. ‘ఎలుగు’ అంటే భల్లూకం, కంఠస్వరం అని రెండు అర్థాలు. ‘ఎలుగెత్తి పిలిచాడు’ అన్నప్పుడు రెండవ అర్థం వస్తుంది. ‘కల్లు’ అనే పదం ఈ పాఠంలో ఏయే అర్థాలలో వచ్చింది? తెలుగులోను, కన్నడంలోను ఒకే రూపంతో ఉండి అర్థం మారే పదాలను మీ ఇంట్లోని పెద్దలను అడిగి ఐదింటిని రాయండి.

ఈ) చేయవలసిన పని
మీ ఊరి దగ్గరి గుట్టలలో, చెరువులలో, పొలాలలో కనిపించే జంతువుల, పక్షుల పేర్లను తెలుగులోను, కన్నడంలోను పట్టికగా రాయండి. ఇప్పుడు కనిపించనివి, పూర్వం ఉండినవి ఏవో మీ తాత, అవ్వలను అడిగి తెలుసుకొనండి.